కొలిచి నేర్చుకోనివ్వండి: వ్యాయామ శాస్త్ర పాఠ్యప్రణాళికా సంఘాలకు బహిరంగ లేఖ

కళాశాలల్లో వ్యాయామ శాస్త్ర డిగ్రీకి పాఠ్యప్రణాళికలు రూపొందించే సంఘాల గౌరవ సభ్యులకు,

నమస్కారాలు.

నేను ఈ శాస్త్రాన్నే డిగ్రీలో చదివి, ఇందులోనే పైచదువు పూర్తిచేసి, కొన్నేళ్లుగా ప్రయోగశాలలో పాఠం చెబుతున్న అధ్యాపకురాలిని. సిలబస్ సవరణకు వచ్చిన ప్రతిసారీ మీ ముందు కొత్త పేపర్ల ప్రతిపాదనలు ఉంటాయి. నేను కొత్త పేపరేదీ అడగడం లేదు. ఇప్పుడున్న విషయాన్నే విద్యార్థికి ఏ వరుసలో అందిస్తున్నామో ఒకసారి తిరిగి చూడమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను. నేను చదివిన చోట, ఆ తరువాత బోధించిన చోట్ల కూడా, మొదటి రెండేళ్లు దాదాపు పూర్తిగా తరగతి గదిలోనే గడిచిపోయేవి. శరీర నిర్మాణం, శరీర ధర్మం, జీవరసాయనం, బయోమెకానిక్స్, గణాంక శాస్త్రం ఒకదాని తరువాత ఒకటి వచ్చి వెళ్లేవి. ప్రయోగశాల తలుపు మూడో ఏడాదిలో తెరుచుకునేది. అప్పటికి విద్యార్థికి వందలాది సంఖ్యలు నోటికి వచ్చి ఉంటాయి కానీ, వాటిలో ఒక్కటి కూడా అతని చేతుల మీదుగా పుట్టి ఉండదు. ఈ వరుసను తిరగవేయాలన్నదే నా విన్నపం.

దీన్ని ఎందుకు ఇంత గట్టిగా కోరుతున్నానో చెప్పడానికి, మా విద్యార్థులందరికీ తెలిసిన ఒక సూత్రంతో మొదలుపెడతాను. గుండె గరిష్ఠ వేగం తెలుసుకోవాలంటే 220 నుంచి వయసు తీసివేయాలని ఈ కోర్సులో చేరిన మొదటి నెలలోనే నేర్పుతాం. 20 ఏళ్ల యువకుడికి నిమిషానికి 200 సార్లు, 60 ఏళ్ల మనిషికి 160 సార్లు అని వస్తాయి. లెక్క సులువు, గుర్తుంచుకోవడం ఇంకా సులువు, పరీక్షలో మార్కు ఖాయం. అయితే ఈ సూత్రం ఎలా పుట్టిందో ఎంతమందికి చెబుతున్నాం? 1971లో ఫాక్స్, ఆయన సహచరులు గుండెజబ్బుల నివారణ గురించి రాసిన ఒక సమీక్షా వ్యాసంలో, అంతకుముందు వేర్వేరు చోట్ల వెలువడిన కొలతలను ఒక పటం మీద గుర్తించి, వాటి మధ్యగా పోయే గీతను చూపిన దగ్గర దీని మూలం ఉంది. ఈ సూత్రాన్ని రాబట్టడానికంటూ జరిగిన ప్రయోగమేదీ లేదు. 2001లో టనాకా బృందం చాలా ఎక్కువమంది కొలతలను సమీకరించి, 208 నుంచి వయసులో పదింట ఏడు వంతులు తీసివేయాలని ప్రతిపాదించింది. దాని ప్రకారం 60 ఏళ్ల మనిషికి 166 వస్తుంది. 40 ఏళ్ల దగ్గర మాత్రం రెండు సూత్రాలూ 180 దగ్గరే కలుస్తాయి. ఏ సూత్రాన్ని తీసుకున్నా, ఒకే వయసు వారిలో అసలు కొలత అటు పదీ ఇటు పదీ తేడాగా ఉండటం మామూలు విషయం, అంతకుమించిన తేడా కూడా అరుదేమీ కాదు.

ఇది తరగతిలో చెప్పినప్పుడు విద్యార్థులు తలూపి రాసుకుంటారు. అదే విషయం ట్రెడ్‌మిల్ దగ్గర జరిగితే వేరుగా ఉంటుంది. ఒక ఏడాది సమయసారిణిలో దొరికిన ఖాళీని ఉపయోగించుకుని, మొదటి సెమిస్టరు విద్యార్థులకు ఈ ప్రయోగం చేయించాను. ముందస్తు ఆరోగ్య ప్రశ్నావళి నింపి, ఇష్టపూర్వకంగా ముందుకు వచ్చిన ఒక అమ్మాయి ఊపిరిని కొలిచే మాస్కు తగిలించుకుని పరుగు మొదలుపెట్టింది. నిమిషానికొకసారి వాలు పెంచుతూ పోయాం. గుండె వేగం 170 దాటింది, 180 దాటింది. చివరికి 186 దగ్గర ఆగిపోయింది. వాలు పెరిగినా గుండె వేగం పెరగలేదు, ఆక్సిజన్ వినియోగపు గీత కూడా సమంగా సాగింది. కాళ్లు ఇక లేవడం లేదని ఆమె చేయి చాపి కమ్మీ పట్టుకుంది. పక్కన నోటుపుస్తకంతో నిలబడిన స్నేహితురాలు, "మేడమ్, తనకు 19 ఏళ్లు కదా, 201 రావాలి. ఇంకా పరిగెత్తించాలేమో" అంది. నేను సమాధానం చెప్పేలోపే పరిగెత్తిన అమ్మాయి మాస్కు తీసి, ఊపిరి అందీ అందకుండానే, "ఇంకేమీ మిగల్లేదే నాలో" అంది. ఆ మాట తరువాత ఆ గదిలో ఉన్న పన్నెండుమందికి సగటుకూ మనిషికీ మధ్య ఉన్న దూరం ఎంతో నేను వివరించవలసిన అవసరం రాలేదు. గణాంక శాస్త్రం పేపరులో, కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం అనే మాట వచ్చినప్పుడు వాళ్లు 186నే గుర్తు చేసుకున్నారని ఆ పేపరు చెప్పిన అధ్యాపకుడు తరువాత నాతో అన్నారు.

మన శాస్త్రం పుట్టిందే ఇలా. ఏ.వి. హిల్ కండరాల్లో పుట్టే వేడి మీద చేసిన పరిశోధనకు, 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిని ఓటో మేయర్‌హోఫ్‌తో పంచుకున్నాడు. ఆ రోజుల్లోనే మాంచెస్టర్‌లో గడ్డి మీద గీసిన చిన్న బాటలో, వదిలిన ఊపిరిని పట్టి ఉంచే సంచిని మోసుకుంటూ తానే పరుగెత్తాడు. వేగం పెంచుతూ పోతే ఒక హద్దు దాటాక ఆక్సిజన్ వినియోగం ఇక పెరగదన్న భావన, అంటే గరిష్ఠ ఆక్సిజన్ వినియోగానికి వీఓటూ మ్యాక్స్ అని మనం ఇప్పుడు నిత్యం పలికే భావన, ఆ పరుగుల నుంచి రూపుదిద్దుకుంది. 1927 నుంచి 1947 దాకా నడిచిన హార్వర్డ్ ఫటీగ్ లేబొరేటరీలో శాస్త్రవేత్తలు తామే ట్రెడ్‌మిల్ ఎక్కేవారు. 1935లో ఆండీస్ పర్వతాల మీదికి వెళ్లి, పలచని గాలిలో ఒకరి రక్తం ఒకరు తీసి పరీక్షించుకున్నారు. అంత కష్టపడి తెచ్చిన జ్ఞానాన్ని మనం ఇప్పుడు ఒక పట్టికగా మార్చి, చుక్కలు పెట్టి, బట్టీ పట్టిస్తున్నాం. ఇది నాకు బాధ కలిగిస్తుంది.

బట్టీ పట్టిన సంఖ్య మనిషి చెవిని కూడా మూసేస్తుందని నేను కళ్లారా చూశాను. మూడో ఏడాది ప్రయోగ పరీక్షలో, సైకిల్ ఎర్గోమీటర్ (కదలకుండా ఒకేచోట ఉండి, చేసిన పనిని కొలిచే సైకిల్) మీద పెడల్ తొక్కుతున్న వ్యక్తికి రక్తపోటు చూడటం ఒక అంశం. కూర్చున్నవాడికి చూడటం వేరు, తొక్కుతున్నవాడికి చూడటం వేరు. చేతిని హ్యాండిల్ నుంచి వదిలించి మన మోచేతి మీద ఆనించుకోవాలి, కఫ్‌లో గాలి నెమ్మదిగా వదలాలి, రష్యన్ వైద్యుడు కొరోట్కోవ్ 1905లో వర్ణించిన ఆ తట్టుడు ధ్వనులను గొలుసు చప్పుడు నుంచి వేరుచేసి వినాలి. ఆ రోజు ఒక విద్యార్థి చకచకా 164 బై 80 అని రాసి ఇచ్చాడు. అతని ముఖం చూసి అనుమానం వచ్చింది.

"కింది సంఖ్య దగ్గర చప్పుడు ఆగడం విన్నావా?" అని అడిగాను.

"లేదు మేడమ్, పెడల్ మోతే వినిపించింది."

"మరి 80 ఎక్కడిది?"

"వ్యాయామంలో డయాస్టోలిక్ పెద్దగా మారదని చదివాం కదా మేడమ్. విశ్రాంతిలో 80 ఉంది, అదే రాశాను."

ఆ అబ్బాయి అబద్ధాలాడే స్వభావం ఉన్నవాడు కాడు. తరగతిలో మొదటి వరుసలో కూర్చునేవాడు, పాఠం బాగా వచ్చినవాడు. పుస్తకంలో ఉన్నది నిజమే, చాలామంది ఆరోగ్యవంతుల్లో అలాగే జరుగుతుంది. కానీ రేపు అతను గుండెజబ్బు నుంచి కోలుకుంటున్న వ్యక్తి పక్కన నిలబడి వ్యాయామం చేయించే ఉద్యోగంలో చేరితే, సాధారణంగా ఏమవుతుందన్నది కాదు, ఆ నిమిషంలో ఆ మనిషికి ఏమవుతోందన్నదే కావాలి. పని పెరుగుతుంటే పెరగవలసిన సిస్టోలిక్ రక్తపోటు, అంటే పై సంఖ్య, పడిపోతుంటే, అది వ్యాయామాన్ని వెంటనే ఆపవలసిన సంకేతం. పుస్తకం చెప్పినదే వినిపించే చెవికి ఆ సంకేతం అందదు. తప్పు ఆ అబ్బాయిది కాదని నేను నమ్ముతున్నాను. రెండేళ్లపాటు సరైన జవాబుకే మార్కు ఇచ్చి, మూడో ఏడాదిలో హఠాత్తుగా నిజమైన కొలత కావాలని అడిగింది మనమే.

కండరాల నొప్పికి లాక్టిక్ ఆమ్లమే కారణమన్న నమ్మకం సంగతి కూడా ఇలాంటిదే. 1907లో ఫ్లెచర్, హాప్కిన్స్ కప్ప కండరాల మీద చేసిన ప్రయోగాలతో లాక్టిక్ ఆమ్లం కథ మొదలైంది. ఆక్సిజన్ లేకుండా అలసిన కండరంలో అది పేరుకుంటుందని, ఆక్సిజన్ తగిలితే తగ్గుతుందని వారు చూపారు. అక్కడి నుంచి అది అలసటకు, నొప్పికి, మంటకు అన్నిటికీ నేరస్థురాలై కూర్చుంది. 1980ల నుంచి జార్జ్ బ్రూక్స్ వంటివారు, ఒక కండరంలో పుట్టిన లాక్టేట్‌ను (లాక్టిక్ ఆమ్లం శరీరంలో ఉండే రూపాన్ని) ఇతర కండరాలు, గుండె ఇంధనంగా వాడుకుంటాయని చూపుతూ వచ్చినా, పాత మాట కొత్త విద్యార్థుల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. దీన్ని ఉపన్యాసంతో తీయడం కష్టం. వేలి చివర ఒక్క రక్తపు చుక్కతో తీయవచ్చు. సమతలం మీద గట్టిగా పరుగెత్తిన విద్యార్థికి లాక్టేట్ ఎంతో పెరిగి, దాదాపు గంటలో మళ్లీ విశ్రాంతి స్థాయికి దిగుతుంది. మరునాడు అతనికి నొప్పి ఉండకపోవచ్చు. వాలు కిందికి నిదానంగా పరుగెత్తిన విద్యార్థికి లాక్టేట్ పెద్దగా పెరగదు, కానీ రెండో రోజు మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటాడు. కండరం సాగుతూ బలం ప్రయోగించినప్పుడు దాని సూక్ష్మ నిర్మాణంలో కలిగే దెబ్బ గురించి అప్పుడు చెబితే ఆ పాఠం తొడల్లోనే గుర్తుంటుంది.

ఎవరిని కొలిచారన్న ప్రశ్న కూడా ప్రయోగశాలలోనే పుడుతుంది, తరగతిలో పుట్టదు. విశ్రాంతిలో ఉన్న మనిషి కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడతాడని, దాన్నే ఒక మెట్ అంటామని నేర్పుతాం. నా విద్యార్థినులు తమను తాము కొలుచుకున్నప్పుడు ఆ సంఖ్య చాలామందికి రాలేదు, తక్కువ వచ్చింది. యంత్రం చెడిందనుకున్నారు. 2005లో వెలువడిన ఒక పరిశోధనలో ఏడు వందలకు పైగా వయోజనులను కొలిస్తే సగటు 2.6 దగ్గర తేలిందని, వారిలో ఎక్కువమంది స్త్రీలేనని చెప్పాక, యంత్రం మీద అనుమానం పోయి ఇతర సంఖ్యల మీదికి ప్రశ్నలు మళ్లాయి. మా శాస్త్రంలో చాలాకాలం పాటు కొలిపించుకున్నవారు ఎక్కువగా యువకులు, ఆరోగ్యవంతులు, పురుషులు. ఇది చదువుతున్న ఆడపిల్ల తెలుసుకోవలసిన విషయం.

సందేహించడం ఎలాగో నేర్పడానికి నాకు తెలిసినంతలో బ్రిటిష్ పరిశోధకుడు జెరెమీ మోరిస్ కథను మించినది లేదు. లండన్‌లోని రెండంతస్తుల బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని 1953లో ఆయన, ఆయన సహచరులు ప్రచురించారు. ఈ ముక్క అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. మూడేళ్ల తరువాత ఆ బృందమే బస్సు సిబ్బందికి ఇచ్చిన యూనిఫాంల నడుము కొలతలు తీసి చూసిన సంగతి మాత్రం చాలా పుస్తకాల్లో ఉండదు. డ్రైవర్ల ప్యాంటు నడుము మొదటినుంచే పెద్దదిగా ఉంది. అంటే మెట్లు ఎక్కడం వల్లనే తేడా వచ్చిందా, లేక ఆ ఉద్యోగాల్లో చేరేటప్పుడే మనుషులు వేరువేరుగా ఉన్నారా అని తమ ఫలితాన్ని తామే ప్రశ్నించుకున్నారు. ప్యాంటు కొలతలతో! ఈ రెండో ముక్క చెప్పకుండా మొదటిది చెప్పడం, శాస్త్రాన్ని సగం చెప్పడమేనని నా అభిప్రాయం.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు, ఎందుకంటే ప్రయోగశాల గంటలు పెంచమని అడిగేటప్పుడు ప్రయోగశాలలో జరిగే హాని గురించి మౌనంగా ఉండటం నిజాయితీ కాదు. నేను విద్యార్థినిగా ఉన్నప్పుడు, చర్మపు మడతలను కాలిపర్ అనే పటకారు వంటి పరికరంతో పట్టి కొవ్వు శాతం అంచనా కట్టే ప్రయోగం జరిగింది. మమ్మల్ని వరుసలో నిలబెట్టి, తరగతి మొత్తం చూస్తుండగా ఒక్కొక్కరి నడుము పక్కన మడత పట్టి, సంఖ్యను బిగ్గరగా చదివి బోర్డు మీద పేరు పక్కన రాశారు. నా సంఖ్య అందరికంటే పెద్దది. ఆ తరువాత చాలా నెలలు నేను ప్రయోగశాలలో వెనకే నిలబడ్డాను. నా స్నేహితురాలు ఒకతి తిండి తగ్గించుకుంటూ పోయి, చివరికి ఆ కోర్సే మానుకుంది. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ పరికరం చల్లదనం నా నడుముకు గుర్తుంది.

నన్ను ఇంకా బాధించేది ఏమిటంటే, ఆ రోజు బోర్డు మీద రాసిన సంఖ్య అంత గౌరవానికి తగినది కూడా కాదు. మడతల మందం నుంచి శరీర సాంద్రతను అంచనా కడతారు. ఆ సాంద్రత నుంచి కొవ్వు శాతాన్ని, సాధారణంగా సిరి అనే శాస్త్రవేత్త 1961లో ఇచ్చిన సమీకరణంతో లెక్కిస్తారు. ఆ సమీకరణం నిలబడాలంటే, కొవ్వు కాని శరీర భాగపు సాంద్రత అందరిలోనూ ఘన సెంటీమీటరుకు 1.1 గ్రాములే అనుకోవాలి. ఎముకల సాంద్రత, నీటి శాతం మనిషికీ మనిషికీ మారతాయి కాబట్టి ఈ అనుకోలు అందరికీ వర్తించదు. అంచనా మీద అంచనా, దాని పైన పట్టిన చేతి నేర్పు. ఒకే మనిషిని ఇద్దరు కొలిస్తే రెండు జవాబులు వస్తాయి. ఆ రోజు మా అధ్యాపకుడు ఒక్కరినే, ఒప్పుకున్నవారినే, తెర వెనక, ఇద్దరు విద్యార్థుల చేత విడివిడిగా కొలిపించి, ఆ రెండు జవాబుల మధ్య తేడాను బోర్డు మీద రాసి ఉంటే, మాకు పాఠమూ వచ్చేది, గౌరవమూ దక్కేది. అందుకే ప్రయోగశాల గంటలతో పాటు, కొలిపించుకోవడానికి నిరాకరించే హక్కును, నిరాకరించినందుకు మార్కు పోదన్న హామీని, శరీర కొలతల గోప్యతను సిలబస్‌లోనే రాయమని కోరుతున్నాను. అధ్యాపకుడి మంచితనానికి వదిలేయవద్దు.

ఇక మరో విన్నపం. ప్రతి విద్యార్థికీ ఒక సెమిస్టరు మొత్తం ఒకే ఒక మనిషితో, వీలైతే వయసు మళ్లిన మనిషితో, పనిచేసే అవకాశం కల్పించండి. ఒకే మనిషిని మళ్లీ మళ్లీ కొలవడంలో ఎంత ఉందో చెప్పడానికి 1966లో డల్లాస్‌లో జరిగిన ప్రయోగం చాలు. 20 ఏళ్ల యువకులు అయిదుగురు మూడు వారాలు మంచం మీదే ఉంటే, వారి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం సగటున నాలుగో వంతుకు పైగా పడిపోయింది. 30 ఏళ్ల తరువాత అదే అయిదుగురిని మళ్లీ పరీక్షించినప్పుడు, 30 ఏళ్ల వయసు భారం కంటే ఆ మూడు వారాల మంచమే శరీర సామర్థ్యాన్ని ఎక్కువగా దెబ్బతీసిందని తేలింది.

నేను పర్యవేక్షించిన ఒక విద్యార్థినికి డెబ్బై దాటిన ఒక పెద్దావిడను అప్పగించాం. ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో చూడటం మొదటి పరీక్ష. చేతులు ఛాతీ మీద కట్టుకోవాలి, చేతుల ఆసరా తీసుకుంటే లెక్కలోకి రాదు. ఆవిడ మూడుసార్లు ముందుకు వంగి, మూడుసార్లు వెనక్కి కూలబడి, నాలుగోసారి కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. మా విద్యార్థిని పెన్ను పట్టుకుని చాలాసేపు ఊరుకుంది. నియమం ప్రకారం సున్నా. "రాసెయ్యి అమ్మాయీ, ఉన్నదేగా" అన్నారు ఆవిడే. పన్నెండు వారాలు, ఎత్తు తగ్గిస్తూ పోయిన ఆసనం మీద, కాలికి కట్టిన చిన్న బరువులతో, వారానికి మూడు రోజులు కష్టపడ్డాక ఆవిడ అయిదుసార్లు లేచారు. సగటు వయసు 90 ఉన్నవారికి కూడా ఎనిమిది వారాల బరువుల సాధనతో కాళ్ల బలం రెండు రెట్లకు మించి పుంజుకోగలదని 1990లోనే ప్రచురితమైంది. ఆ వ్యాసాన్ని మా విద్యార్థిని అంతకుముందే చదివింది. చదివినప్పుడు అది ఒక శాతం. ఆ సున్నాను తన చేత్తో రాశాక ఆమె అదే వ్యాసాన్ని మళ్లీ చదివి, ఎంత బరువు, ఎన్నిసార్లు, మధ్యలో ఎంత విరామం అని నన్ను మూడు రోజులు ప్రశ్నలతో వదలలేదు.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. పరికరాలు ఖరీదైనవని అంటారు. శ్వాసను విశ్లేషించే యంత్రం నిజంగానే ఖరీదైనది. అది అందరికీ అక్కరలేదు. ఒక గట్టి పీట, ఒక స్టాప్‌వాచి, తాళం కొట్టే మెట్రోనోమ్, మణికట్టు మీద రెండు వేళ్లు ఉంటే, 1940లలో హార్వర్డ్‌లో రూపొందిన మెట్ల పరీక్షను ఏ గదిలోనైనా చేయించవచ్చు. ముగ్గురు విద్యార్థులు ఒకే నాడిని ఒకేసారి లెక్కపెట్టి మూడు సంఖ్యలు చెప్పినప్పుడు మొదలయ్యే చర్చకు యంత్రమే అవసరం లేదు. భద్రత గురించి భయపడటం న్యాయమే. ముందస్తు ఆరోగ్య ప్రశ్నావళి, అత్యవసర చికిత్సలో శిక్షణ ఉన్న అధ్యాపకుడు, పన్నెండుమందికి మించని బృందం తప్పనిసరి అని రాయండి. సిలబస్ భారం పెరుగుతుందన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. పట్టికలు చెప్పే గంటల్లో మూడో వంతు తీసి ఇటు వేస్తే చాలు.

పరీక్షల సంగతి దీనికి ముడిపడే ఉంది. మార్కు ఎక్కడుంటే చదువు అక్కడికే పోతుంది. ప్రయోగ పరీక్షలో సరైన జవాబుకు కాక, కొలిచిన తీరుకు మార్కు ఇవ్వండి. మొదటి కొలత, రెండో కొలత, వాటి మధ్య తేడా, ఆ తేడాకు విద్యార్థి ఊహించిన కారణం పక్కపక్కనే రాయించండి. జవాబు పత్రంలో "వినిపించలేదు, మళ్లీ చూడాలి" అని రాయడానికి ఒక గడి పెట్టించండి. ఆ గడి నింపిన విద్యార్థికి మార్కు తగ్గించకూడదని పరీక్షకులకు రాతపూర్వకంగా చెప్పండి. ఆ రోజు నా ముందు 80 అని రాసిన అబ్బాయికి అలాంటి గడి ఉండి ఉంటే, అతను కఫ్‌లో మళ్లీ గాలి నింపి, ఇంకొకసారి చెవి పెట్టి ఉండేవాడు.

భవదీయురాలు,
వ్యాయామ శాస్త్ర ప్రయోగశాలలో బోధించే ఒక అధ్యాపకురాలు